రాత్రి మూడు గంటలకు వచ్చి లెక్కపెట్టండి: బెంగళూరు నుంచి ఒక ఐసీయూ నర్సు బహిరంగ లేఖ

కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ అధికారులకు,
కర్ణాటక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ వారికి,
బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ అధికారులకు,

నమస్కారం.

నాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. బీఎస్సీ నర్సింగ్ చదివి, బెంగళూరులో 200 పడకలు దాటిన ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. చేరి 10 నెలలైంది. పేరు రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో కిందికి వెళ్లేకొద్దీ మీకే అర్థమవుతుంది. ఆసుపత్రి పేరు కూడా రాయడం లేదు. ఇదే ఊళ్లో వేరే వేరే ఆసుపత్రుల్లో చేరిన నా క్లాస్‌మేట్లు నలుగురిని అడిగితే నలుగురూ ఇదే కథ చెప్పారు. ఒక్క పేరు రాస్తే మిగతావాళ్లు హమ్మయ్య అనుకుంటారు.

ఈ ఉత్తరం మొదట కన్నడలో వెళ్లింది. తుమకూరు అమ్మాయి, మా రూమ్‌మేట్, కూర్చుని రాసిపెట్టింది. అంతకుముందు మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడంకు నోటితో చెప్పాం. "అడ్జస్ట్ చేసుకోండి" అన్నారు. తర్వాత 11 మంది సంతకాలతో హెచ్‌ఆర్‌కు ఇచ్చాం. ఆ నెల రోస్టర్ (డ్యూటీల పట్టిక) వచ్చేసరికి సంతకం పెట్టినవాళ్లలో ముగ్గురికి వరసగా 10 నైట్లు పడ్డాయి. అప్పుడు శాఖకూ కౌన్సిల్‌కూ స్పీడ్ పోస్టులో పంపాం. అందినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. రెండు నెలలు దాటింది, జవాబు మాత్రం రాలేదు.

ఇప్పుడు తెలుగులో, అందరికీ కనబడేలా రాస్తున్నాను. మా ఐసీయూ బయట కుర్చీల్లో, కుర్చీలు చాలక నేల మీద దుప్పటి పరుచుకుని రాత్రంతా ఉండేవాళ్లలో చాలామంది అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు వైపు వాళ్లే. గుండె జబ్బుకు జయదేవకనీ, క్యాన్సర్‌కు కిద్వాయ్‌కనీ, మెదడు, నరాల జబ్బుకు నిమ్హాన్స్‌కనీ, ప్రైవేటు ఆసుపత్రులకనీ మన సీమ జనం బెంగళూరు బస్సెక్కడం ఇవాళ్టిది కాదు. తలుపు బయట కూర్చున్నవాళ్లకు తలుపు లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలి.

ముందు ఒక రాత్రి సంగతి.

మాది 12 పడకల ఐసీయూ. ఆ రాత్రి అన్నీ నిండి ఉన్నాయి. ఏడుగురు వెంటిలేటర్ మీద. డ్యూటీలో నర్సులం నలుగురం, అందులో ఇద్దరం ఏడాది కూడా నిండని వాళ్లం. ఒక డ్యూటీ డాక్టరు, ఒక ఆయా. నాకు 5, 6, 7 బెడ్లు ఇచ్చారు. మూడూ వెంటిలేటర్లే.

ఐసీయూలో స్పాంజి బాత్‌లు తెల్లవారుజామున 4 గంటలకే మొదలుపెట్టాలి. లేకపోతే 8 గంటలకు మార్నింగ్ వాళ్లకు హ్యాండోవర్ ఇచ్చేలోగా (పేషెంట్లను అప్పగించేలోగా) అవ్వవు. 5వ బెడ్ ఆయన భారీ మనిషి. నోట్లో ట్యూబు, మెడలో సెంట్రల్ లైను, మణికట్టులో ఆర్టీరియల్ లైను, యూరిన్ క్యాథెటర్. ఇవేవీ లాగుకుపోకుండా పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. నేనూ ఆయమ్మా కలిసి తిప్పాం. నా రెండు చేతులూ ఆయన వీపుకు ఆనించి ఉన్నాయి. అప్పుడు 7వ బెడ్ దగ్గర మందు ఎక్కించే పంపు మోగింది.

మోగడం కొత్తేమీ కాదు. వేలి నుంచి ప్రోబ్ జారితే మోగుతుంది, పేషెంటు దగ్గితే వెంటిలేటర్ మోగుతుంది, ఫీడింగ్ అయిపోతే మోగుతుంది. నెల రోజుల్లో చెవి అలవాటుపడిపోతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈసారి మోగింది నోర్‌అడ్రినలిన్ సిరంజీ అయిపోయినందుకు. పడిపోయే బీపీని నిలబెట్టే మందు అది. దాని పని ఒంట్లో కొద్ది నిమిషాలే. సిరంజీ ఆగిందంటే బీపీ జారడం మొదలవుతుంది. గంటకు 8 ఎంఎల్ చొప్పున పోతుంటే 50 ఎంఎల్ సిరంజీ ఆరుంపావు గంటలు వస్తుంది. అయిపోకముందే ఇంకో సిరంజీ కలిపి పక్క పంపులో సిద్ధంగా పెట్టుకోవాలి. రాత్రి 10 గంటలకు మార్చింది నేనే. 4 దాటాక అయిపోతుందని తెలుసు. 3:45కు కలుపుదామనుకున్నాను. 3:40కి 6వ బెడ్ పేషెంటు ట్యూబులో కఫం అడ్డుపడి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 80ల్లోకి పడిపోయింది. సక్షన్ చేసి (పైపుతో కఫం లాగేసి), ఆక్సిజన్ పెంచి, మళ్లీ సక్షన్ చేసి ఆమెను నిలబెట్టేసరికి 4 అయింది. వెంటనే బాత్‌లకు వెళ్లిపోయాను. సిరంజీ మాట గుర్తు లేదు. నిజం రాస్తున్నాను, గుర్తు లేదు.

5వ బెడ్ ఆయన్ని సగంలో వదిలేయలేం కదా. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, రెయిలింగ్ వేసి, 7 దగ్గరికి చేరేసరికి పై బీపీ 58. సిరంజీ కలిపి ఎక్కించడం, డాక్టరు పరిగెత్తుకు రావడం, ఫ్లూయిడ్ వదలడం, బీపీ 90 దాటడం, అంతా కలిపి పది పన్నెండు నిమిషాలు.

ఆ పెద్దాయన బతికారు. ఆరు రోజులకు వార్డుకు మారారు. ఆ పొద్దున డ్యూటీ దిగి బయటికొస్తుంటే ఆయన కొడుకు, పీలేరు వైపు మనిషి, కుర్చీలోంచి లేచి అడిగాడు: "అమ్మా, రేత్రి మా నాయనకు ఎట్లుండె?"

"బాగానే ఉన్నారన్నా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడో రోజు నాకు మెమో ఇచ్చారు. విధుల్లో నిర్లక్ష్యమట. నేను సంతకం పెట్టాను, ఎందుకంటే సిరంజీ చూసుకోవాల్సింది నేనే, అందులో వాదన లేదు. కానీ విచారణలో ఒక్కరూ ఆ రాత్రి ఎంతమంది నర్సులు ఉన్నారని అడగలేదు. రోస్టర్ తీసి చూస్తే ఆ రాత్రికి ఆరుగురి పేర్లున్నాయి. అందులో ఇద్దరు ఉద్యోగం మానేసి అప్పటికే నెల అయింది.

మేము చెప్పదలచుకున్నవి ఇవి.

1. నర్సుల లెక్క పగటి కాగితం మీద ఒకటి, రాత్రి ఐసీయూలో ఇంకొకటి.

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం ఐసీయూలో ఒక పడకకు ఒక నర్సు ఉండాలి. అది ప్రతి షిఫ్టుకూ. దాని పైన సెలవుల కోసం 30 శాతం అదనం. 12 పడకలకు మూడు షిఫ్టులంటే 36 మంది, అదనం కలిపితే 47 మంది. మా యూనిట్‌లో ఉన్నది 21 మంది. మూడు షిఫ్టులకు మనుషులు లేరు గనుకే 12 గంటల చొప్పున రెండు షిఫ్టులు చేశారు. పగలు ఏడెనిమిది మంది ఉంటారు, ఎందుకంటే పెద్ద డాక్టర్ల రౌండ్లు, స్కానింగులు, బంధువుల ములాఖాతులు పగలే. రాత్రి నలుగురు. కానీ వెంటిలేటర్ మీదున్న మనిషికి పగలు రాత్రి అని జబ్బు తగ్గదు.

ముగ్గురు వెంటిలేటర్ పేషెంట్లంటే ఒక రాత్రికి ఎంత పనో చెప్తాను, మీరే వేసుకోండి. గంటకోసారి బీపీ, పల్స్, సాచురేషన్, యూరిన్ చార్టులో రాయాలి. అవి 36 సార్లు. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి. అవి 18 సార్లు, ప్రతిసారీ ఇద్దరు. మధ్యలో సక్షన్లు, నోరు శుభ్రం చేయడం, ట్యూబులో ఫీడింగ్, షుగర్ పరీక్షలు, టార్చి వేసి కంటిపాపలు చూడడం, యాంటీబయాటిక్స్, 5 గంటలకు రక్త నమూనాలు. ఇవన్నీ అందరూ నిలకడగా ఉన్న రాత్రి సంగతి. అందులో ఒక్కరికి సీరియస్ అయిందంటే మిగతా ఇద్దరిని చూసే మనిషి ఉండదు. చార్టు మాత్రం పొద్దున్నకల్లా నిండి ఉంటుంది. ఎలా నిండుతుందో ఐసీయూలో పనిచేసిన ప్రతి నర్సుకూ తెలుసు, ఇక్కడ రాయను.

మందుల సంగతి చెప్పాను. ఎవరూ చెప్పుకోనిది ఇంకోటి ఉంది, చేతులు కట్టేయడం. మత్తు తగ్గి స్పృహలోకి వచ్చే మనిషికి గొంతులో ట్యూబు ఉందని, అందుకే మాట రావడం లేదని తెలీదు. భయపడి ట్యూబు పీక్కోబోతాడు. పక్కన నిలబడి, చేయి పట్టుకుని, "తాతా, ఆసుపత్రిలో ఉన్నావు, గొంతులో పైపుంది, రెండు రోజుల్లో తీసేస్తారు, నీ కొడుకు బయటే ఉన్నాడు" అని ఆయన భాషలో పదిసార్లు చెప్తే చాలామంది నెమ్మదిస్తారు. నేను చూశాను. కన్నడ రాని, ఇంగ్లీషు రాని మన ఊరి పెద్దవాళ్లకు తెలుగు మాట చెవిన పడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కానీ పదిసార్లు చెప్పే తీరిక ఎవరికుంది? డాక్టరుగారు ఆర్డర్ రాస్తారు, మేము గుడ్డతో రెండు చేతులూ మంచానికి కడతాం. పొద్దున ములాఖాత్‌కు వచ్చిన కూతురు ఆ మణికట్లు చూసి మమ్మల్ని రాక్షసులను చూసినట్టు చూస్తుంది.

యూరప్‌లో 9 దేశాల ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వార్డు నర్సుకు ఒక్క పేషెంటు పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చారు. అది మామూలు సర్జికల్ వార్డుల లెక్క. ఐసీయూలో ఒకరికి బదులు ముగ్గురిని ఇస్తే ఏమవుతుందో 7వ బెడ్ కథ చెప్తుంది.

మేము అడిగేది: ప్రతి ఐసీయూ తలుపు బయట, బంధువులకు కనబడేలా ఒక బోర్డు పెట్టాలి. ఈ షిఫ్టులో పేషెంట్లు ఇంతమంది, వెంటిలేటర్ మీద ఇంతమంది, నర్సులు ఇంతమంది అని షిఫ్టు మారినప్పుడల్లా రాయాలి. ఒక వైట్‌బోర్డు, ఒక మార్కర్. దీనికి బడ్జెట్ లేదని ఏ యాజమాన్యమూ అనడానికి లేదు. శాఖ వారు తనిఖీకి రాత్రి 12కూ తెల్లవారుజాము 5కూ మధ్య, చెప్పకుండా రావాలి. పగలు వస్తామని ముందే చెప్పి వస్తే ఏం జరుగుతుందో నేను ఒకసారి చూశాను. ఓపీ నుంచి, డయాలసిస్ నుంచి, ఆఖరికి సెలవులో ఉన్నవాళ్లను కూడా పిలిపించి యూనిఫాం వేసి నిలబెట్టారు. ఆ రోజు మా ఐసీయూలో మేము ఒకరినొకరు తగులుకుంటూ తిరిగాం. ఆ రోజు పేషెంట్లకు అందిన సేవ మళ్లీ ఎప్పుడూ అందలేదు.

2. అనుభవం లేనివాళ్లే రాత్రికి మిగులుతున్నారు.

ఐసీయూ నర్సింగ్‌ను భారత నర్సింగ్ కౌన్సిల్ ఎంత పెద్ద విద్యగా చూస్తుందంటే, దానికోసం రెండేళ్ల పీజీ రెసిడెన్సీ కోర్సే ఉంది. నాకు ఇచ్చిన శిక్షణ 9 రోజులు. పదో రోజు నైట్. మొదటి మూడు రాత్రులు ఒక చేచ్చి నా పక్కన ఉంది (కేరళ సీనియర్లందరినీ మేము చేచ్చి అనే పిలుస్తాం, వాళ్లలో సగం మందికి ఇప్పుడు తెలుగు తిట్లు కూడా వచ్చు). వెంటిలేటర్ అలారం విని, తల తిప్పకుండానే అది దేనికో చెప్పగలిగే మనిషి. ఆరు నెలలు తిరక్కుండా ఆమె జర్మనీ వెళ్లిపోయింది. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు గల్ఫ్‌కు. నేను వాళ్లను తప్పు పట్టను. నేనూ ఆదివారాలు జర్మన్ క్లాసుల వివరాలు వెతుకుతున్నాను.

అనుభవం ఉన్నవాళ్లు పగటి షిఫ్టు అడిగి తీసుకుంటారు, లేదా దేశం దాటతారు. మిగిలేది నాలాంటివాళ్లం. ఆసుపత్రిలో డాక్టర్లు, టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు అందరూ తక్కువగా ఉండే వేళకు నర్సుల్లోనూ కొత్తవాళ్లనే పెడుతున్నారు. కనీసం మూడు నెలలు సీనియర్ పక్కన పనిచేయించాకే ఒంటరిగా వెంటిలేటర్ పేషెంటును అప్పగించాలి. ప్రతి నైట్ షిఫ్టులో సగం మందికి రెండేళ్లకు పైగా ఐసీయూ అనుభవం ఉండాలి.

3. నిద్ర.

మొదటి నైట్ రోజు పొద్దున 8కి లేస్తాం. మధ్యాహ్నం పడుకుందామంటే ఒళ్లు వినదు. రాత్రి 8కి డ్యూటీ ఎక్కుతాం. తెల్లవారుజామున 4కి, అంటే ఐసీయూలో పని అన్నిటికంటే ఎక్కువ ఉండే వేళకు, మేము మేల్కొని 20 గంటలు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు నేచర్ పత్రికలో రాశారు: 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు సమానం అని. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03 శాతం. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర నోటికి మెషీన్ పెట్టి ఊదమంటారే, ఆ మెషీన్ నిద్రలేమిని పట్టగలిగితే మేమందరం పొద్దున్నే ఫైన్ కట్టి ఇంటికి పోవాల్సినవాళ్లమే. మా చేతికి మాత్రం డోసు తప్పితే ప్రాణం తీసే పొటాషియం, ఇన్సులిన్, ఫెంటానిల్ ఇస్తారు.

వరసగా ఏడు నైట్లు, ఆ తర్వాత ఒక ఆఫ్. ఈ ఆఫ్ లెక్క వింటే మీకు నవ్వొస్తుంది. సోమవారం పొద్దున 8కి నైట్ దిగుతాం, హ్యాండోవర్ అయి బయటపడేసరికి 9. ఆ సోమవారమే మా ఆఫ్. ఆ రోజంతా పడి నిద్రపోతాం. మంగళవారం పొద్దున 8కి మార్నింగ్ డ్యూటీ. రిజిస్టర్‌లో వారపు సెలవు ఇచ్చినట్టే ఉంటుంది.

12 గంటల్లో భోజనానికి పది నిమిషాలు దొరికితే ఆ రాత్రి మంచి రాత్రి. గోడకు ఒరిగి కన్ను మూసినట్టు సీసీటీవీలో కనబడితే ఒక రోజు జీతం కోత. మా స్నేహితురాలికి పడింది. అదే కెమెరాలో 12 పడకల మధ్య నలుగురమే తిరుగుతూ కనబడతాం కదా, దానికి ఎవరి జీతమూ కోయరు.

రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, మళ్లీ 2019లో, మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. నా వయసు 23. నెలసరి తప్పి నాలుగు నెలలు తిరిగాను. మా బ్యాచ్‌లో ఇది మామూలు కబురు. మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. వరసగా నాలుగు నైట్లకు మించి వేయొద్దు. నైట్ దిగిన రోజును ఆఫ్‌గా లెక్కించొద్దు. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య 12 గంటలు వదలండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే నర్సుల గురించి చేసిన సిఫారసులో ఇది ఉంది. వంతులవారీగా అరగంట పడుకోవడానికి ఒక గది, ఒక మంచం ఇవ్వండి. డ్యూటీ డాక్టర్లకు ఉంది.

4. తప్పు చెప్పుకునే దారి లేదు.

నా మెమో తర్వాత మా యూనిట్‌లో జరిగిన తప్పు చెప్పే ఇన్సిడెంట్ ఫారాలు రాయడం దాదాపు ఆగిపోయింది. తప్పులు ఆగి కాదు. రాసినవాళ్లకే మెమో వస్తుంటే ఎవరు రాస్తారు? ఆ ఫారం ఉండేదే, రేపు ఇంకొకరు అదే గుంతలో పడకుండా. ఎవరి వల్ల జరిగిందన్నదే కాకుండా ఆ గంటలో ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది పేషెంట్లు ఉన్నారో కూడా ఆ ఫారంలో గడి ఉండాలి. నర్సింగ్ కౌన్సిల్ వారు ఒక్క సర్క్యులర్‌తో చేయగలిగిన పని ఇది. పేషెంటుకు ఏం జరిగిందో బంధువులకు చెప్పే బాధ్యత యాజమాన్యానిది కావాలి. పీలేరు అన్నకు నేను అబద్ధం చెప్పాల్సిన అవసరం రాకూడదు.

5. భద్రత.

2024 ఆగస్టులో కోల్‌కతాలో ఆర్జీ కర్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టరును చంపేశారు. దేశమంతా కొవ్వొత్తులు వెలిగాయి. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. మా ఆసుపత్రిలో అప్పుడు రెండు వారాలు ప్రతి అంతస్తుకూ ఒక గార్డు ఉండేవాడని సీనియర్లు చెప్తారు. నేను చేరేసరికి కింద గేటు దగ్గర ఒక్కరే. మా వాష్‌రూమ్ కారిడార్ చివర, లైటు వెలిగితే వెలిగినట్టు. రాత్రి రెండింటికి ఇద్దరం కలిసి వెళ్లాలంటే ఐసీయూలో ఇద్దరే మిగులుతారు. అందుకని నీళ్లు తాగడం మానేస్తాం. యూరిన్ ఇన్‌ఫెక్షన్ లేని నైట్ నర్సు మా యూనిట్‌లో లేదు.

పేషెంటు పోయినప్పుడు ముందు కనబడేది మేమే. కాలర్ పట్టుకున్నవాళ్లున్నారు. వైద్య సిబ్బంది మీద దాడుల నిరోధానికి కర్ణాటకలో 2009 నుంచీ చట్టం ఉంది, నర్సులకూ వర్తిస్తుంది. ఆ సంగతి రిసెప్షన్‌లో బోర్డు మీద చదివాం. కేసు పెడదామంటే "పేషెంట్ పార్టీతో గొడవెందుకు" అని ఆపింది మా ఆసుపత్రి వాళ్లే. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 43వ సెక్షన్ ప్రకారం, సాయంత్రం 7 తర్వాత, పొద్దున 6కు ముందు ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి కావాలి, భద్రత ఏర్పాట్లు కావాలి. మమ్మల్ని సమ్మతి ఎవరూ అడగలేదు. కనీసం ఏర్పాట్లయినా చేయండి: ఐసీయూ అంతస్తులో రాత్రంతా గార్డు, లోపలే వాష్‌రూమ్, దాడి జరిగితే ఫిర్యాదు ఆసుపత్రి తరఫునే వెళ్లడం.

6. జీతం గురించి తక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో కొత్తగా తేల్చాల్సిందేమీ లేదు.

2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ అన్నీ తేల్చేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు అదే గ్రేడు ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 దాటితే తగ్గింపు 10 శాతానికి, 50 దాటితే 25 శాతానికి మించకూడదు. 50 లోపు పడకలున్న చిన్న ఆసుపత్రిలో కూడా 20,000కు తగ్గకూడదు. 200 దాటిన మా ఆసుపత్రిలో నా చేతికొచ్చేది 19,400. నైటుకు అలవెన్సు 100 రూపాయలు. పక్క రాష్ట్రం కేరళ, నర్సుల ఆందోళనల తర్వాత, 2018 ఏప్రిల్‌లో కనీస మూల వేతనం 20,000గా నోటిఫై చేసింది. కర్ణాటక ఆ కమిటీ సిఫారసులను ప్రైవేటు ఆసుపత్రుల లైసెన్సు నియమాల్లో చేరిస్తే చాలు. మాకు డబ్బు తక్కువైతే మీకేమిటని అడగొచ్చు. చేచ్చి జర్మనీ వెళ్లింది అందుకే. 7వ బెడ్ పక్కన ఆమె లేకపోయింది అందుకే.

7. ఎన్టీఆర్ వైద్య సేవ అధికారులకు విడిగా.

2019 నవంబరు నుంచి మన రాష్ట్రం ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) సేవలను బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో ఎంపిక చేసిన ఆసుపత్రులకూ విస్తరించింది. మంచి పని. సీమ రైతు పొలం అమ్మకుండా గుండె ఆపరేషన్ చేయించుకోగలుగుతున్నాడు. కానీ ఆసుపత్రిని జాబితాలో చేర్చేటప్పుడు మిషన్లు, పడకలు, డాక్టర్ల డిగ్రీలు చూసినట్టే రాత్రి షిఫ్టు హాజరు పట్టీ కూడా చూడండి. రోస్టర్ కాదు, హాజరు పట్టీ. రెండింటికీ తేడా పైన రాశాను. డబ్బు ఇచ్చేవాళ్లు అడిగితే సమాధానం వస్తుంది. నర్సులు అడిగితే వరసగా 10 నైట్లు వస్తాయి.

8. ఇది అధికారులకు కాదు, మనవాళ్లకు.

మా పీజీ హాస్టల్ ఓనర్ అంకుల్, నేను రాత్రి ఏడింటికి బయటికెళ్లి పొద్దున తొమ్మిదిన్నరకు వస్తే గేటు దగ్గర ఆ చూపు వద్దు. టిఫిన్ 9కే ఎత్తేయకుండా రెండు ఇడ్లీలు మూతపెట్టి ఉంచండి. పెళ్లి సంబంధాలు చూసే పెద్దలకూ ఒక మాట. మొన్న ఒకరు మా అమ్మతో "నైట్ డ్యూటీ పిల్లంట గదా" అని ఫోన్ పెట్టేశారట. అదే కుటుంబంలో పెద్దాయనకు నిరుడు బెంగళూరులోనే స్టెంట్ వేశారు. ఆ రాత్రి ఆయన పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారో.

ఐసీయూ బయట ఉండే అన్నలకూ అక్కలకూ: మా మీద కోపం వచ్చినప్పుడు ఒక్కటి అడగండి, "లోపల ఇప్పుడు ఎంతమంది నర్సులున్నారు?" అని. మమ్మల్ని కాదు, బిల్లింగ్ కౌంటర్లో అడగండి. రోజుకు ఐసీయూ నర్సింగ్ ఛార్జీ అని బిల్లులో వేరే వరస ఉంటుంది. ఒక నర్సుకు డబ్బు కడుతున్నారో, మూడో వంతు నర్సుకు కడుతున్నారో తెలుసుకునే హక్కు మీకుంది.

అధికారులారా, ఈ ఉత్తరం తేదీ నుంచి 30 రోజుల్లో మొదటి రెండు పనులు, అంటే తలుపు బయట బోర్డు, చెప్పకుండా రాత్రి తనిఖీ, మొదలవ్వాలని కోరుతున్నాం. మిగతావాటికి కమిటీ కావాలంటే వేయండి, అందులో నైట్ డ్యూటీ చేసే స్టాఫ్ నర్సులు ఇద్దరిని పెట్టండి. మీటింగ్ మాత్రం పొద్దున 10 గంటలకు పెట్టొద్దు, మేము కుర్చీలోనే నిద్రపోతాం.

తనిఖీకి వచ్చే అధికారికి ఒక సులువు చెప్తాను. రిజిస్టర్ అడగక్కర్లేదు, లోపలికి కూడా రానక్కర్లేదు. ఐసీయూలోకి మా చెప్పులు వేసుకుని పోనివ్వరు. తలుపు పక్కనే స్టాండు ఉంటుంది, లోపల ఉన్నవాళ్ల చెప్పులన్నీ అందులోనే. రాత్రి మూడు గంటలకు వచ్చి లెక్కపెట్టండి. డాక్టరుగారి బూట్లు తీసేయండి, ఆయమ్మ రబ్బరు చెప్పులు తీసేయండి. మిగిలిన జతలు మేము.

ఇట్లు,
బెంగళూరులోని ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు,
సంతకం చేసి పేరు బయటపెట్టలేని మరో పది మంది తరఫున కూడా